ఏజెంట్ ఉన్నారు, స్క్రిప్ట్ కదలడం లేదు: హాలీవుడ్ ప్రతినిధుల సేవపై సమీక్ష

అమెరికాలో సినిమాకో సిరీస్‌కో రాసే రచయిత సంపాదనలో నాలుగో వంతు ప్రతినిధులకే పోతుంది. లక్ష డాలర్ల డీల్ అనుకోండి. ఏజెంట్‌కు 10 శాతం, మేనేజర్‌కు 10 శాతం, లాయర్‌కు 5 శాతం. పాతిక వేలు అక్కడికక్కడే తెగిపోతాయి. మేనేజర్ 15 శాతం తీసుకునే వారైతే ముప్పై వేలు. రచయితల సంఘమైన రైటర్స్ గిల్డ్ వెస్ట్ సభ్యులకు రాత ఆదాయంపై 1.5 శాతం, మూడు నెలలకోసారి 25 డాలర్లు చందా అదనం. పన్ను సంగతి ఆ తర్వాత. ఇంత ఖరీదైన సేవ తీసుకుంటూ, అది పనిచేస్తోందో లేదో ఏళ్ల తరబడి చూసుకోని రచయితలు చాలామంది ఉన్నారు. పేరు పక్కన ఒక ఏజెన్సీ పేరుంటే చాలు, ధైర్యంగా ఉంటుంది. ఆ ధైర్యానికే అలవాటుపడిపోతారు.

కమీషన్ అసలు నష్టం కానే కాదు. డబ్బు వస్తేనే కమీషన్. పని తేలేకపోతే ప్రతినిధికీ సున్నాయే. పనికిరాని ప్రతినిధి వల్ల రచయిత పోగొట్టుకునేది స్క్రిప్ట్‌కు దక్కాల్సిన మొదటి చూపు. నిర్మాణ సంస్థలో ఒక డ్రాఫ్ట్‌ను రీడర్ చదివి కవరేజ్ (కథ సారాంశం, దానిపై తన అభిప్రాయం) రాశాక అది వాళ్ల రికార్డుల్లో ఉండిపోతుంది. ఏడాది తర్వాత ఇంకో ఏజెంట్ అదే కథ పంపితే పాత కవరేజ్ తీసి చూస్తారే తప్ప మళ్లీ చదవరు. పూర్తిగా తయారుకాని డ్రాఫ్ట్ సంబంధం లేని మనిషి బల్ల మీదికి వెళ్లిందంటే ఆ తలుపు ఆ కథకు మూసుకున్నట్టే. అందుకని ఈ సేవను కొలిచేటప్పుడు పని వచ్చిందా రాలేదా అన్నది రెండో ప్రశ్న. ఎవరికి పంపారు, ఎప్పుడు పంపారు, వాళ్లు ఏమన్నారు అన్నది మొదటి ప్రశ్న.

ముగ్గురిలో ఎవరి పని ఏది

ఏజెంట్ పని ఉద్యోగం ఇప్పించడం, బేరమాడటం. కాలిఫోర్నియాలో ఇందుకు టాలెంట్ ఏజెన్సీస్ చట్టం కింద లేబర్ కమిషనర్ ఇచ్చే లైసెన్స్ ఉండాలి. ఆ లైసెన్స్ ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. సంతకం పెట్టే ముందు కూడా ఈ పని చేయని వాళ్లున్నారు. గిల్డ్ సభ్యులైతే గిల్డ్‌తో ఒప్పందం ఉన్న ఏజెన్సీతోనే ఉండాలి. ఈ ఒప్పందం వెనక పెద్ద పోరాటమే నడిచింది. స్టూడియోల నుంచి ప్యాకేజింగ్ ఫీజులు (రచయిత, దర్శకుడు, నటులను ఒక జట్టుగా కూర్చి ఇచ్చినందుకు ఏజెన్సీకి దక్కే సొమ్ము) తీసుకుంటూ రచయితల తరఫున బేరమాడటం కుదరదని 2019 ఏప్రిల్‌లో గిల్డ్ పట్టుబట్టింది. ఏడు వేల మందికి పైగా రచయితలు ఒక్కసారిగా తమ ఏజెంట్లను వదిలేశారు. పెద్ద ఏజెన్సీలు ఒక్కొక్కటిగా దిగొచ్చాయి. చివరిగా డబ్ల్యూఎంఈ అనే ఏజెన్సీ 2021 ఫిబ్రవరిలో సంతకం చేసింది. 2022 జూన్ 30తో ప్యాకేజింగ్ ఫీజులకు తెరపడింది. సొంత నిర్మాణ సంస్థల్లో ఏజెన్సీల వాటా 20 శాతం మించకూడదన్న షరతు కూడా అప్పుడు వచ్చిందే. దాదాపు రెండేళ్లు ఏజెంట్ లేకుండానే వేలమంది నెట్టుకొచ్చారన్న సంగతి, విడిపోవడానికి భయపడే ప్రతి రచయితా గుర్తుపెట్టుకోవాలి.

మేనేజర్‌కు లైసెన్స్ అక్కర్లేదు. స్క్రిప్ట్ మీద నోట్స్ ఇవ్వడం, తర్వాత ఏ కథ రాయాలో కలిసి ఆలోచించడం, మనుషులను పరిచయం చేయడం వారి పని. కాలిఫోర్నియా చట్టం ప్రకారం మేనేజర్ సొంతంగా ఉద్యోగం ఇప్పించకూడదు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అడిగితే వారితో కలిసి బేరంలో పాల్గొనవచ్చు. ఈ గీత దాటిన మేనేజర్ కమీషన్ హక్కు ఏమవుతుందన్న ప్రశ్నపై మారథాన్ వర్సెస్ బ్లాసీ కేసులో 2008లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఒప్పందం మొత్తం రద్దు కానక్కర్లేదు, చట్టవిరుద్ధమైన భాగాన్ని విడదీసి మిగతాది నిలబెట్టవచ్చు అని. కాబట్టి "నా మేనేజర్ ఏజెంట్ పని చేశారు, ఇక పైసా ఇవ్వక్కర్లేదు" అనుకుని ఎవరూ ముందుకెళ్లొద్దు. ఫిర్యాదు చేయాలన్నా ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపే లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్లాలి.

లాయర్ ఒప్పందం చదువుతారు, మారుస్తారు. డీల్‌లో 5 శాతమో, గంటల లెక్కనో తీసుకుంటారు. పెట్టిన డబ్బుకు కచ్చితంగా పని జరిగేది ఇక్కడే. మార్కులు వేయాల్సివస్తే లాయర్‌కు ఐదుకి నాలుగు. మంచి మేనేజర్‌కు కెరీర్ మొదట్లో నాలుగు, రచయిత నిలదొక్కుకున్నాక రెండున్నర. ఏజెంట్‌కు దీనికి తలకిందులు: చేతిలో పనేమీ లేని కొత్తవారికి రెండు, వరసగా అవకాశాలు వస్తున్నవారికి నాలుగు. కొత్త రచయితలు ఏజెంట్ కోసం తపించి, దొరికాక నిరాశపడేది ఇందుకే. ఉన్న గిరాకీని పెంచడం ఏజెంట్‌కు వచ్చు. లేని గిరాకీ పుట్టించడం చాలా కొద్దిమందికే చేతనవుతుంది.

జాబితా అడగండి

సేవ నాణ్యత తేల్చడానికి ఒక్క కాగితం చాలు. దాన్ని సబ్మిషన్ లిస్ట్ అంటారు. మీ స్క్రిప్ట్ ఏ సంస్థలో ఎవరికి వెళ్లింది, ఏ తేదీన వెళ్లింది, జవాబేమిటి. ఈ వివరాలున్న పట్టిక ఏ ఏజెంట్ దగ్గరైనా, మేనేజర్ దగ్గరైనా ఉండాలి. గొడవేమీ లేనప్పుడు, మామూలుగా, "నా రికార్డు కోసం పంపండి" అని అడగాలి. వారం పది రోజుల్లో వస్తే వారు పని చేస్తున్నట్టు. "చాలామందికి పంపాం, అందరికీ నచ్చింది" అన్న జవాబు మాత్రమే వస్తే స్క్రిప్ట్ గడప దాటలేదనే అనుకోవాలి.

జాబితా వచ్చాక సంఖ్య చూసి తృప్తిపడొద్దు. ఒక స్పెక్‌ను (ఎవరూ అడగకుండా రచయిత సొంతంగా రాసుకున్న స్క్రిప్ట్‌ను) పాతిక ముప్పై చోట్లకు ఒకేసారి పంపే పద్ధతీ ఉంది, ఏడెనిమిది మందిని ఏరి పంపే పద్ధతీ ఉంది. రెండూ సరైనవే. చూడాల్సింది ఆ పేర్లు ఎందుకున్నాయని. చిన్న బడ్జెట్ హారర్ కథ, కుటుంబ చిత్రాలు మాత్రమే తీసే సంస్థకు ఎందుకు వెళ్లింది? ఒకే సంస్థలో ఇద్దరికి, ఒకరికి తెలియకుండా ఒకరికి పంపారా? మూడు నాలుగు వారాలైనా జవాబు రానిచోట మళ్లీ ఫోన్ చేశారా? సంస్థ వదిలి వెళ్లిపోయిన ఎగ్జిక్యూటివ్ పేరు ఇంకా ఉందా?

అన్నిటికన్నా ముఖ్యం జవాబుల కాలమ్. పదిహేను చోట్ల నుంచి పాస్ (అంటే వద్దు) అని వచ్చి, అందులో పదిమంది రెండో అంకం సాగిందనో, కథానాయిక లక్ష్యం అర్థం కాలేదనో అంటే లోపం స్క్రిప్ట్‌లో ఉంది. ఏజెంట్‌ను మార్చినా అదే జవాబు వస్తుంది. పదిహేను చోట్ల నుంచి అసలు జవాబే రాకపోతే లోపం పంపినవారిలో ఉంది. వారి ఫోన్‌కు అక్కడ విలువ లేదన్నమాట. ఇక "రాత బాగుంది, కథ మాకు సరిపోదు, రచయితను కలుస్తాం" అనే జవాబులు నాలుగైదు ఉన్నా ఆ ప్రతినిధి బాగా పనిచేస్తున్నట్టే, డీల్ ఒక్కటీ కుదరకపోయినా. రచయితను పరిచయం చేసుకోవడానికి పెట్టే అలాంటి జనరల్ మీటింగ్ అయ్యాక వారంలోపు ప్రతినిధి అవతలివారికి ఫోన్ చేసి, వాళ్ల దగ్గర రచయిత కోసం ఎదురుచూస్తున్న ప్రాజెక్టులేవో కనుక్కోవాలి. మీటింగులు ఏర్పాటు చేసి ఆ తర్వాత పట్టించుకోనివారు సగం పనే చేస్తున్నారు.

ఇంకో కొలత, చదివే వేగం. కొత్త స్క్రిప్ట్ ఇచ్చాక మూడు నాలుగు వారాల్లో చదివి, పేజీలు చూపిస్తూ మాట్లాడాలి. రెండు నెలలు దాటి, రెండుసార్లు గుర్తుచేశాక "సగం చదివాను, బాగుంది" అంటే ఆసక్తి పోయిందని అర్థం. ఇది తప్పు కాదు, ఆసక్తి ఎవరికైనా పోవచ్చు. కానీ ఆసక్తి లేని మనిషి మీ కథ అమ్మలేరు.

డీల్ కుదిరినప్పుడు చూడాల్సినవి రెండు. గిల్డ్ కనీస రేటుకే కుదిరితే కమీషన్‌ను ఆ రేటుకు పైన స్టూడియో చేత ఇప్పించాలి. దీన్నే స్కేల్ ప్లస్ టెన్ అంటారు. ఏజెంట్ వాటా పోయాక మీకు మిగిలేది కనీస రేటు కన్నా తగ్గకూడదు. రెండోది: 2023 గిల్డ్ ఒప్పందం ప్రకారం, కనీస రేటుకు రెండింతలకు గానీ అంతకు తక్కువకు గానీ ఫస్ట్ డ్రాఫ్ట్ రాయడానికి కుదిరిన సినిమా రచయితకు రెండో దశ పనికి (తిరగరాతకు) కూడా హామీ ఇవ్వాలి. ఈ మాట మీరే గుర్తుచేయాల్సి వస్తే ఏజెంట్, లాయర్ ఇద్దరి గురించీ ఆలోచించాల్సిందే. నిర్మాత ఉచితంగా ఇంకో డ్రాఫ్ట్, ఆపై ఇంకొకటి రాయించుకుంటుంటే "సంబంధం చెడగొట్టుకోవద్దు, రాసేయండి" అని సలహా ఇచ్చేవారు ఎవరి తరఫున ఉన్నారో తేల్చుకోవాలి.

ఎప్పుడు వదలకూడదు

ఏడాదిగా కొత్త స్క్రిప్ట్ ఇవ్వని రచయితకు ప్రతినిధిపై ఫిర్యాదు చేసే హక్కు తక్కువ. అమ్మడానికి వారి చేతిలో సరుకు ఉండాలి కదా. సంవత్సరానికి ఒక పూర్తి స్క్రిప్ట్, దానితో పాటు ఒకటి రెండు పిచ్‌లు (క్లుప్తంగా చెప్పే కథా ప్రతిపాదనలు) ఇస్తూ ఉంటేనే ఎదుటివారి పని ఎలా ఉందో చెప్పగలం.

పరిశ్రమ కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2023 మే 2 నుంచి 148 రోజులు సాగిన రచయితల సమ్మెలో ఎవరికీ పని లేదు, ఆ తర్వాత కూడా స్టూడియోలు కొనుగోళ్లు తగ్గించాయి. ఏటా డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా హాలీవుడ్ అంతా మూతపడుతుంది, ఆగస్టులోనూ మందకొడే. ఈ రోజుల్లో జవాబు రాలేదని ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. ఆప్షన్ (స్క్రిప్ట్ కొనే హక్కును కొంతకాలం తమకే ఉంచుకునే ఒప్పందం) బేరం నడుస్తుండగా, సంతకాలు మిగిలి ఉండగా విడిపోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. కమీషన్ ఎలాగూ పాతవారికే పోతుంది, బేరం నడిపేవారు మాత్రం ఉండరు.

ఒక్క ఫోన్‌తో సరిపోయే సమస్యలూ ఉంటాయి. ఈ ఏడాది నుంచి ఏం ఆశిస్తున్నారో, ఏ తరహా పని కావాలో, నెలకోసారి మాట్లాడాలనుకుంటున్నారో లేదో సూటిగా చెప్పి మూడు నెలలు చూడండి. కామెడీ రచయితగా తీసుకున్నవారికి థ్రిల్లర్ రాసిచ్చి, అది అమ్ముడుపోలేదని కోపం తెచ్చుకునేవారు తమ దారి మారిందని వారితో ఎప్పుడూ చెప్పి ఉండరు.

వెంటనే వదలాల్సినవి

కొన్నిటికి గడువు ఇవ్వక్కర్లేదు. చదవడానికి ఫీజు, నమోదు ఫీజు, ప్రచారానికి ముందస్తు డబ్బు అడిగితే అక్కడితో ఆపేయాలి. కాలిఫోర్నియాలో ప్రతినిధిగా ఉండటానికి ముందే డబ్బు వసూలు చేయడాన్ని చట్టమే నిషేధించింది. ఏజెంట్ చేతికి మీ డబ్బు వస్తే ట్రస్ట్ ఖాతాలో వేసి, 30 రోజుల్లోపు కమీషన్ మినహాయించి మీకు ఇవ్వాలన్నది కూడా చట్టమే. రెండుసార్లు ఆలస్యమైందంటే లాయర్ చేత ఉత్తరం రాయించాలి, గిల్డ్‌కు తెలపాలి.

మీకు చెప్పకుండా స్క్రిప్ట్ పంపడం, వచ్చిన ఆఫర్‌ను మీ దాకా రానివ్వకపోవడం కూడా ఈ కోవలోవే. మేనేజర్ల విషయంలో ఇంకొకటి ఉంది. చాలామంది మేనేజర్లు రచయిత ప్రాజెక్టుకు తామే నిర్మాతలుగా చేరతారు. అది తప్పేమీ కాదు. నిర్మాతగా ఫీజు తీసుకుంటే ఆ ప్రాజెక్టులో కమీషన్ వదులుకోవడం ఆనవాయితీ. రెండూ కావాలంటే అడ్డు చెప్పాలి. తనను నిర్మాతగా పెట్టుకోలేదని కొనడానికి సిద్ధమైన సంస్థను వెనక్కి పంపితే ఇక మాట్లాడేదేమీ లేదు.

విడిపోయే పద్ధతి

ముందు లాయర్, తర్వాత కాగితం, ఆపైనే ఫోన్. చాలామంది ఈ వరస తప్పుతారు. కోపంలో ఫోన్ చేసి, తర్వాత ఒప్పందం తీసి చూస్తే అందులో ఇంకా పద్నాలుగు నెలలు మిగిలి ఉంటాయి.

ఒప్పందంలో వెతకాల్సిన క్లాజులు ఇవి. గడువు ఎంత, దానంతట అదే పొడిగించుకుంటుందా. పని చూపకపోతే తప్పుకునే వీలు: 90 రోజుల్లోనో నాలుగు నెలల్లోనో సరైన ఆఫర్ రాకపోతే రాతపూర్వకంగా రద్దు చేసుకునే నిబంధన ఏజెంట్ల కాగితాల్లో సాధారణంగా ఉంటుంది, మీ దాంట్లో ఏ లెక్క ఉందో అక్షరం అక్షరం చదవాలి. కీ మ్యాన్ క్లాజ్: మీ ఒప్పందం మనిషితో కాదు, సంస్థతో. మీ ఏజెంట్ వేరే ఏజెన్సీకి వెళ్లిపోయినా మీరు ఇక్కడే ఉండిపోతారు, ఆ ఏజెంట్ పేరు క్లాజులో రాసి ఉంటే తప్ప. 2022లో ఐసీఎం అనే ఏజెన్సీని సీఏఏ అనే మరో ఏజెన్సీ కొన్నట్టు పెద్ద విలీనాలు జరిగినప్పుడు ఈ ఒక్క వాక్యానికి ఎంత విలువో తెలుస్తుంది. మేనేజర్ల ఒప్పందంలో సన్‌సెట్ క్లాజ్ చూడాలి. విడిపోయాక ఎన్నేళ్లు, ఏ పనిపై, ఎంత శాతం ఇవ్వాలో అందులో ఉంటుంది. ఏటేటా తగ్గుతూ రెండు మూడేళ్లలో ముగిసేది ఒప్పుకోవచ్చు. మీతో పనిచేసిన కాలంలో పరిచయమైన ప్రతి సంస్థ నుంచి వచ్చే ప్రతి డాలర్‌పై శాశ్వత హక్కు అని ఉంటే సంతకానికి ముందే కొట్టివేయించాలి. సంతకమే లేకుండా నోటిమాటపై పనిచేస్తుంటే, దాన్ని హిప్ పాకెట్ అంటారు, ఎప్పుడైనా తప్పుకోవచ్చు. అయినా అప్పటికే కుదిర్చిన డీల్‌పై కమీషన్ ఇవ్వడమే న్యాయం.

ఇద్దరు ప్రతినిధులుంటే, ఏజెంట్‌ను వదిలేముందు మేనేజర్‌తో మాట్లాడాలి. కొత్త ఏజెంట్‌ను వెతికేది వారే. మేనేజర్‌ను వదిలేటప్పుడు, ఆ ఏజెంట్‌ను తెచ్చింది ఆ మేనేజరే అయితే ఏజెంట్ కూడా దూరమయ్యే అవకాశముందని లెక్కవేసుకోవాలి. కొత్తవారు దొరికేదాకా పాతవారిని పట్టుకుని ఉండాలన్న సలహా తరచూ వినిపిస్తుంది. డీల్స్ వస్తున్న రచయితకు అది సరే. జాబితా కూడా ఇవ్వని మేనేజర్‌తో ఉన్న కొత్త రచయితకు మాత్రం ఖాళీగా ఉండటమే మేలు. ఇప్పటికే మేనేజర్ ఉన్నారంటే ఇంకొకరు మాట్లాడటానికి వెనకాడతారు.

అప్పుడు ఫోన్. పది నిమిషాలు చాలు. కారణాల పట్టిక చదవక్కర్లేదు. వేరే దారి చూసుకుంటున్నానని, చేసిన పనికి కృతజ్ఞతలని మర్యాదగా చెప్పండి. హాలీవుడ్‌లో ఇవాళ అసిస్టెంట్‌గా ఉన్నవారు అయిదేళ్లకు స్టూడియోలో స్క్రిప్ట్‌లు కొనే కుర్చీలో కూర్చుంటారు. అదే రోజు ఈమెయిల్, ఒప్పందం అడిగితే రిజిస్టర్డ్ ఉత్తరం. అందులో రద్దు తేదీ, ఏ క్లాజ్ కింద రద్దు, ఆ తేదీ నుంచి కొత్తగా ఎవరికీ స్క్రిప్ట్ పంపవద్దన్న మాట, తుది సబ్మిషన్ లిస్ట్ కావాలన్న అభ్యర్థన, కమీషన్ హక్కు మిగిలి ఉన్న ప్రాజెక్టుల పేర్లు ఉండాలి. ఈ చివరిది రాయకపోతే గొడవ రెండేళ్ల తర్వాత, సినిమా పట్టాలెక్కినప్పుడు వస్తుంది.

చెక్కుల సంగతి విడిగా చూసుకోవాలి. మీ డబ్బు ఏజెన్సీకి పంపమని స్టూడియోకు మీరు రాసిచ్చిన అధికార పత్రం రద్దు చేసేదాకా అమల్లోనే ఉంటుంది. పాత డీల్ డబ్బు పాత ఏజెన్సీ ద్వారా రానివ్వండి, కొత్త డీల్స్‌కు కొత్త పత్రం. పాత డీల్‌పై కమీషన్ తీసుకోబోమని కొత్త ఏజెంట్ చేత రాయించుకోండి. లేకపోతే ఒకే డబ్బుపై ఇద్దరికి చెరో పది శాతం ఇవ్వాల్సి రావచ్చు.

వీసా ఉన్నవారికి

ఓ-1 వీసాపై (అసాధారణ ప్రతిభ ఉన్నవారికి ఇచ్చే వీసా) ఉన్న తెలుగు రచయితలకు ఇందులో అదనపు చిక్కుంది. ఈ వీసా పిటిషన్‌ను యజమానే కాదు, అమెరికాలోని ఏజెంట్ కూడా వేయవచ్చు. మీ పిటిషన్‌పై సంతకం చేసినవారే మీరు వదలబోతున్న మేనేజరో ఏజెంటో అయితే, వారు దాన్ని రాతపూర్వకంగా ఉపసంహరించుకున్న మరుక్షణం మీ హోదా కింద నేల కదులుతుంది. పని ముగిశాక గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు మాత్రమే ఉంటుంది. కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, కొత్త పిటిషనర్‌ను సిద్ధం చేసుకుని, కొత్త పిటిషన్ దాఖలయ్యాకే ఫోన్ చేయాలి. హెచ్-1బీపై సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రాసుకునేవారికి సంగతి ఇంకా ముందే మొదలవుతుంది. ఆ వీసా పిటిషన్ వేసిన యజమాని దగ్గర పనికే గానీ, స్టూడియో ఇచ్చే రాత పనికి కాదు. ఇది అడగకుండానే సంతకం చేయించుకున్న ప్రతినిధికి విదేశీ రచయితలతో అనుభవం లేదని తెలుసుకోవాలి.

హైదరాబాద్‌లో ఉంటూ అంతర్జాతీయ స్క్రిప్ట్ పోటీల ద్వారా అమెరికన్ మేనేజర్ దృష్టిలో పడుతున్నవారికీ ఇవే లెక్కలు. తెలుగు సినిమాలో రచయిత నేరుగా దర్శకుడినో నిర్మాతనో కలుస్తారు, పది శాతం ప్రతినిధి సంస్కృతి మనకు పెద్దగా లేదు. అందువల్ల మొదటి ఈమెయిల్ రాగానే పంపిన కాగితంపై సంతకం పెట్టేయాలనిపిస్తుంది. ఒక గంట లాయర్ ఫీజు కట్టి ఆ కాగితం చదివించండి, సన్‌సెట్ క్లాజ్ దగ్గరే ఆ డబ్బు తిరిగొస్తుంది.

విడిపోయిన వారంలో చేయాల్సిన చిన్న పనులు కొన్నున్నాయి. సినిమావాళ్ల వివరాలుండే ఐఎండీబీ ప్రో వెబ్‌సైట్‌లో, గిల్డ్ రచయితల డైరెక్టరీలో ప్రతినిధి పేరు తీసేసి లాయర్ వివరాలు పెట్టండి. స్క్రిప్ట్ మొదటి పేజీపై పాత ఏజెన్సీ ఫోన్ నంబర్ ఉంటే మార్చండి. జాబితాలో జవాబు పెండింగ్‌లో ఉన్న ఎగ్జిక్యూటివ్‌లకు, ఇకపై నేరుగా మీకే రాయమని రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి.